పచ్చ లైటు వెలిగితే అందినట్టు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. రేడియో మాడ్యూళ్ళ మీద మాత్రం ఒకప్పుడు ఉండేది.

మాది మోటార్లు చుట్టే షాపు. కాలిపోయిన నీళ్ళ మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు వస్తాయి. పాత రాగితీగ పీకేసి కొత్తది చుట్టి, వార్నిష్ పట్టించి, ఆరబెట్టి ఇస్తాను. ముందు షాపు, వెనక సన్నటి మెట్లు, పైన ఒక వంటిల్లు, ఒక గది. ఆ గదిలో మా అక్క.

అక్కకి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కాలూ చెయ్యే కాదు, ఎడమ పక్క చూపు కూడా పోయింది. కళ్ళు బాగానే ఉన్నాయట, మెదడే ఆ పక్కని వదిలేసిందట. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే ఉంచి "అయిపోయిందే, ఇంకొంచెం పెట్టు" అంటుంది. కంచం తిప్పి పెడితే "ఇదెక్కడిదే?" అని ఆశ్చర్యపోతుంది. మాట ఉంది గానీ గొంతు లేదు. పక్కన కూర్చుంటే తప్ప వినపడదు.

కింద వార్నిష్ పొగ పడదు, పైనే ఉంచమన్న డాక్టరు ఇంకొకటి మరీ మరీ హెచ్చరించి పంపించాడు. గొంతులో కఫం అడ్డుపడితే ఆవిడ తనంతట తాను ఒత్తిగిలలేదు, ఎవరో ఒకరు వెంటనే పక్కకి తిప్పాలి, లేకపోతే ఊపిరాడదు అని. ఆ "ఎవరో ఒకరు" నేనే. ఇంట్లో ఇంకెవరూ లేరు. పొద్దునపూట ఒక నర్సమ్మ వచ్చి స్నానం చేయించి వెళ్ళిపోతుంది.

ఒక మధ్యాహ్నం నేను కింద మోటారు తిప్పి చూస్తున్నాను. ఆ రొదలో నా మాట నాకే వినపడదు. ఎందుకో అనుమానమొచ్చి పైకి వెళ్ళేసరికి అక్క పెదాలు నల్లబడి ఉన్నాయి. ఒత్తిగిలించి, వీపు చరిస్తే కాసేపటికి ఊపిరి వచ్చింది. వచ్చాక అన్న మొదటి మాట, "పిలిచానే."

ఆవిడ బొటనవేలికీ నా చెవికీ మధ్య దారి వెయ్యాలని ఆ రోజు మొదలుపెట్టిన పని అది. చెప్పుకోడానికి ఎంత చిన్న పని!

తీగ లాగాను. ఎలుకలు కొరికేశాయి. గోడలోంచి లాగుదామంటే ఇంటి ఓనరు కన్నం పెట్టనివ్వడు. గోడ ఆయన సొంత చర్మమైనట్టు మాట్లాడతాడు. సెల్‌ఫోను చేతికిస్తే అక్క వేలు ఎక్కడ తగిలితే అక్కడికి ఫోను పోయేది. ఒకసారి గ్యాసు ఏజెన్సీ వాడితో ఏదో గొణిగిందట, వాడు అడగని సిలిండరు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. బజార్లో దొరికే వైర్‌లెస్ కాలింగ్‌బెల్లు కొంటే అది మెట్ల సగం దాకా వచ్చి నోరు మూసుకునేది. అప్పుడు పడ్డాను ఈ మాడ్యూళ్ళ పిచ్చిలో. అగ్గిపెట్టెంత కంప్యూటరు బోర్డు ఒకటి పైన, ఒకటి కింద. వాటికి చెరొక రేడియో ముక్క. పైన మీట నొక్కితే కింద గంట మోగాలి. అంతే. ఇందులో కొమ్ములు తిరిగిన విద్య ఏముంది?

ఏముందో విడిభాగాల షాపాయన చెప్పాలి. ఏది అడిగినా "సిగ్నల్ ఫుల్ మేడమ్" అంటాడు కాబట్టి అతనికి సిగ్నల్ అని నేనే పేరు పెట్టాను.

"ఇది ఎంత దూరం పోతుందయ్యా?"

"వంద మీటర్లు మేడమ్. సిగ్నల్ ఫుల్."

"ఎవరు కొలిచారు?"

"కొలవడమేంటి, కవరు మీదే ఉందిగా. ఖాళీ మైదానంలో."

"మా అక్క మైదానంలో పడుకోదు. గోడలున్న ఇంట్లో పడుకుంటుంది."

"గోడలుంటే కొంచెం తగ్గుద్ది మేడమ్."

"కొంచెమా?"

తల గోక్కున్నాడు. ఆ గోక్కోవడమే నిజమైన కొలత అని నాకు ఆలస్యంగా తెలిసింది.

మొదటిది అన్నిటికన్నా చవక జత. దానికి తన పర భేదం లేదు. వీధిలో ఎవరు కారు తాళం నొక్కినా, నా షాపులో మోటారు బ్రష్షు కాస్త నిప్పురవ్వలు చిమ్మినా గంట మోగించేది. మోగినప్పుడల్లా చేతిలో తీగ అక్కడే పారేసి మెట్లెక్కేదాన్ని. "పిలవలేదే. ఊరికే వచ్చావా? అయితే కూర్చో" అనేది అక్క సంతోషంగా. నా మోకాళ్ళు సంతోషించలేదు.

రెండోది వైఫైది. దాని ఠీవి చూడాలి. నిద్ర లేచి, ఒళ్ళు విరుచుకుని, రౌటరు గుమ్మం ముందు నిలబడి, పేరు చెప్పుకుని, లోపలికి రమ్మంటే అప్పుడు కబురు మోస్తుంది. ఈలోపు మనిషి పోవచ్చు. బ్యాటరీని కల్లు తాగినట్టు తాగేది. కరెంటు పోతే రౌటరు పోయేది, రౌటరు పోతే ఇదీ గుడ్లప్పగించి కూర్చునేది. కరెంటు పోయిన పూట అక్కకి దగ్గు రాకూడదని రాసిచ్చేవాళ్ళెవరు?

రెండూ తీసుకెళ్ళి సిగ్నల్ బల్ల మీద పడేశాను.

"ఇదిగో ఇది చూడండి మేడమ్" అన్నాడు మూడోది తీసి. వేలిగోరు కన్నా కాస్త పెద్ద నల్ల పలక. దాని మీద వంకర టింకర రాగి గీతలే యాంటెన్నా. "దీనికొక మంచి గుణముంది. కబురు పంపి ఊరుకోదు. అవతలిది 'అందింది' అని తిరిగి చెప్తుంది. చెప్పకపోతే మళ్ళీ పంపుద్ది. మీరేమీ చెయ్యక్కర్లేదు, అదంతా లోపలే జరిగిపోద్ది."

ఆ మాటకి పడిపోయాను. అందింది అని తెలియడం... అక్కకి కావలసింది అదే కదా. నొక్కిన తర్వాత, వినపడిందో లేదో తెలియక, అలా పడుండి ఎదురుచూడటం కన్నా నరకం ఉంటుందా?

ఒక సబ్బుపెట్టెలో అన్నీ అమర్చాను. కుడి బొటనవేలి కింద పెద్ద మీట. దాని పక్కన చిన్న పచ్చ లైటు.

"మీట నొక్కు. పచ్చ లైటు వెలిగితే నాకు అందినట్టు. ఇంక నొక్కుతూ కూర్చోకు, నేను వచ్చేస్తా."

"వెలక్కపోతే?"

"వెలుగుతుంది."

వెలగలేదు. బల్ల మీద పక్కపక్కన పెడితే కొత్త దంపతుల్లా గుసగుసలాడుకునే ముక్కలు, మధ్యలో మెట్లు రాగానే ఒకదాన్నొకటి ఎరగనట్టు నటించాయి. మళ్ళీ సిగ్నల్ దగ్గరికి పోతే, దానికి కరెంటు కాస్త వణికినా పడదు మేడమ్, కాళ్ళ దగ్గర ఒక కెపాసిటర్ అతికించాలి, అది అందరికీ తెలిసిందే అన్నాడు.

"అందరికీ తెలిస్తే కవరు మీద రాసి చావచ్చుగా!"

అతికించాను. అప్పుడు మెట్ల సగం దాకా వచ్చింది. కిందది షాపులో బల్ల మీద పెట్టి, సబ్బుపెట్టె పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతూ నొక్కుతూ చూశాను. మెట్ల మలుపు దాకా పచ్చ. మలుపు తిరిగితే లేదు. పై మెట్టు మీద లేదు. వంటింట్లో లేదు. విసుగొచ్చి, దీన్ని నేలకేసి కొడదామనుకుంటూ అక్క గదిలోకి అడుగుపెట్టి నొక్కాను.

వెలిగింది. నొక్కిన క్షణంలో. బల్ల మీద పక్కపక్కన ఉన్నప్పుడు కూడా అంత చురుగ్గా వెలగలేదు.

"హమ్మయ్య, అక్కా! చూశావా!"

అక్క నవ్వింది. నేను చిన్నపిల్లలా కిందికి దూకుతూ వెళ్ళాను, గంట ఇంకా మోగుతోందేమో చూద్దామని. మోగడం లేదు. నిజానికి మోగే వీలే లేదు. బ్యాటరీ తీగ ఊడి వేలాడుతోంది. నేను మెట్ల మలుపు దగ్గరున్నప్పుడే ఊడి ఉండాలి.

కింద వినే యంత్రం చచ్చి పడుంది. పైన "అందింది" అన్న జవాబు వచ్చింది.

నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది. ఇది ఇంకో కొత్త రోగమన్నమాట. తీగ అతికించి, మళ్ళీ కావాలనే ఊడదీసి చూశాను. షాపులో, మెట్ల మీద, వంటింట్లో నొక్కితే లైటు వెలగదు. అక్క గదిలో వెలుగుతుంది.

సిగ్నల్ దీనికి పగలబడి నవ్వాడు.

"మేడమ్, ఆ ప్రోగ్రాం మీరు రాశారా, నమూనా దించేశారా?"

"దించాను. ఏం?"

"అందరూ అదే దించుతారు. అందులో అడ్రసు కూడా అదే ఉంటది, ఎవరూ మార్చరు. మీ పక్కింట్లోనో వెనకింట్లోనో ఇంకెవరో అదే బొమ్మ పెట్టుకుని ఉంటారు. మీ అక్కగారి కబురు వాళ్ళకి అందుతోంది. వాళ్ళది 'అందింది' అంటోంది. అంతే."

అంతేనట. ఒకే ఇంటి నంబరు వీధిలో అందరి తలుపులకీ రాసుకుని, ఉత్తరం దారితప్పితే ముసిముసి నవ్వులు! కానీ కారణం దొరికినందుకు ప్రాణం కుదుటపడింది. ఇంటికి రాగానే అడ్రసు మార్చాను. నా నోటికొచ్చిన అంకెలు, ఏ తలమాసినవాడూ ఊహించలేనివి. ఛానెలు కూడా మార్చాను. కింది యంత్రం బ్యాటరీ తీసి జేబులో వేసుకుని అక్క గదిలోకి వెళ్ళి నొక్కాను.

పచ్చ.

ఇంతలో కింద ఎవరో మోటారు తెచ్చి పిలుస్తున్నారు. తర్వాత చూద్దాంలే అని కిందకొచ్చి బ్యాటరీ పెట్టేసి పనిలో పడ్డాను. గంట మోగలేదు. మోగలేదు కాబట్టి అక్క పడుకుందనుకున్నాను. ఆ పనేదో సాయంత్రం దాకా సాగింది.

దీపాలు పెట్టే వేళకి పైకి వెళ్ళాను. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వీపు వెనక దిండు, మోకాళ్ళ మధ్య ఇంకో చిన్న దిండు. నర్సమ్మ నేర్పినట్టు, ఎక్కడా మడత లేకుండా.

ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టి వెళ్తాను. తనంతట తాను తిరగలేదు.

"అక్కా... ఎవరు తిప్పారు నిన్ను?"

"ఎవరేంటే? నువ్వే కదూ. గొంతు పట్టేసింది. నొక్కాను. పచ్చ లైటు వెలిగింది. వచ్చావు."

నేను సబ్బుపెట్టె వైపు చూశాను.

"నయమే, ఈసారి తొందరగా వచ్చావు" అంది. కాస్త ఆగి, "చేతులు తుడుచుకుని రాకూడదూ? ఒళ్ళంతా తడి" అంది.

దుప్పటి తడిమాను. తన భుజం దగ్గర చెమ్మగా ఉంది. వాసన కూడా వేస్తోంది. ఆ వాసన నాకు తెలుసు. బోరులో చాలాకాలం మునిగిపోయిన మోటారుని పైకి తీసి, బోల్టులు విప్పి మూత లేపితే, లోపల్నుంచి ఒక్కసారి మొహం మీద కొడుతుంది. తుప్పూ, బురదా, కుళ్ళిన నూనే కలిసిన వాసన. షాపులో అయితే ముక్కు మూసుకుని పని చేసుకుంటాను. ఇది పడగ్గది.

"అక్కా. నేను... ఎటువైపు నిలబడ్డాను?"

"ఎప్పుడూ నిలబడేవైపే. ఎడం పక్క. అటు నాకు కనపడదు, ఇటు రావే అని ఎన్నిసార్లు చెప్పాను? వింటేగా."

ఎన్నిసార్లు.

అక్క మంచానికి ఎడమ పక్క గోడ. మంచం గోడకి ఆనించి ఉంటుంది, పడిపోకుండా. ఆ మధ్యలో చెయ్యి పెట్టి చూశాను. అరచెయ్యి కూడా దూరలేదు. వేళ్ళ కొసలకి మాత్రం గోడ తడిగా తగిలింది.

ఎవరికి చెప్పాలి? ఏమని? మా అక్క పిలిస్తే ఎవరో వస్తున్నారు, నాకన్నా ముందు వస్తున్నారు, నాకన్నా శుభ్రంగా ఒత్తిగిలిస్తున్నారు అని చెప్తే, మరి నీ బాధేమిటమ్మా అంటారు. నాకూ నా బాధేమిటో మొదట సరిగ్గా తెలియలేదు. ఆ రాత్రి కుర్చీ వేసుకుని అక్క పక్కనే కూర్చున్నాక తెలిసింది. అక్క పిలిచింది నన్ను. ఆ పిలుపు నాకు రావడం లేదు. దారిలో ఎవరో పట్టేసుకుంటున్నారు. ఇవాళ పక్కకి తిప్పినవాళ్ళు, రేపు దిండు ఎక్కడ పెడతారో?

పొద్దున్నే నర్సమ్మని అక్క దగ్గర ఉంచి, సిగ్నల్ షాపు తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను.

"జవాబు చెప్పనిది ఇవ్వు."

"అదేంటి మేడమ్? అందరూ జవాబిచ్చేది కావాలంటారు."

"నాకొద్దు. పంపాలి, ఊరుకోవాలి. గోడలు దాటాలి. వేరే ఏ దిక్కుమాలిన గుణాలూ అక్కర్లేదు."

నా మొహం చూసి ఈసారి సిగ్నల్ ఫుల్ అనలేదు. లోపలికి వెళ్ళి లోరా అనే ఇంకో రకం రేడియో మాడ్యూలు ఒకటి తెచ్చాడు. పొడుగాటి స్ప్రింగు యాంటెన్నాతో. "నెమ్మదిగా మాట్లాడుద్ది మేడమ్, కానీ మెట్లూ గోడలూ లెక్కచెయ్యదు. దానంతట అది తిరిగి చెప్పదు. మీరు ప్రోగ్రాంలో రాస్తేనే చెప్పుద్ది."

రాయలేదు. ఆ పచ్చ లైటుకి వెళ్ళే తీగని కత్తిరించి పారేశాను. లైటు మాత్రం పెట్టెకి అతుక్కుపోయి ఉంటే పీకడానికి ఓపిక లేక వదిలేశాను.

"ఇంక పచ్చ లైటు వెలగదు. వెలగకపోయినా నేను వస్తాను. అర్థమైందా?"

"మరి అందినట్టు నాకెలా తెలుస్తుందే?"

"నా మొహం కనపడితే అందినట్టు. కుడి పక్క. ఎడం పక్క ఎవరైనా వస్తే అది నేను కాదు."

అక్క నన్ను వింతగా చూసింది.

కొత్తది పని చేసింది. మొదటిసారి నొక్కగానే కింద గంట గణగణ మోగింది. మోటారు తిరుగుతున్నా వినపడింది. పరుగెత్తాను. నీళ్ళు అడిగింది. ఇచ్చాను. మళ్ళీ మోగింది. కిటికీ వెయ్యమంది. వేశాను. ఇన్నాళ్ళ తంటాలకి అదొక్క మధ్యాహ్నం ఫలితం. తీగ చుడుతూ పాట కూడా పాడానని పక్క షాపు వెల్డరు తర్వాత చెప్పాడు.

మూడోసారి మోగింది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. లోపలికి వెళ్ళేసరికి అక్క దగ్గుతోంది. గోడవైపు తిరిగి ఉంది. వీపు వెనక దిండు.

"ఆగవే..." అంది ఆయాసపడుతూ, నన్ను చూడకుండానే. "ఇప్పుడేగా తిప్పావు. మళ్ళీ ఎందుకు తిప్పుతావ్?"

నేను ఇంకా గుమ్మంలోనే ఉన్నాను.

మంచం మీద సబ్బుపెట్టె. దాని మీద ఆ లైటు. తీగ లేదు. నేనే కత్తిరించాను.

పచ్చగా వెలుగుతోంది.

నేను చేసిన పని ఒక్కటే. వార్నిష్ పొగ పడదని డాక్టరు వద్దన్నా సరే, అక్కని కిందికి దించెయ్యడం. అరగంటలో షాపు మూశాను, మోటార్లు ఆరబెట్టే పొయ్యి ఆర్పాను, వార్నిష్ డబ్బాలన్నీ వెనక పెరట్లోకి గిరాటేశాను. వెల్డర్నీ సిగ్నల్‌నీ పిలిచి అక్కని కుర్చీలో కూర్చోబెట్టి మొయ్యమన్నాను. అక్క బరువెంతని? ఎముకలూ చీరా.

మెట్ల మలుపు దగ్గర వెల్డరు ఆగిపోయాడు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"ఏరా, నువ్వసలు పట్టుకున్నావా లేదా? ఎడం పక్క బరువంతా నా మీదే పడేశావ్."

"నీకు వయసైపోయింది బాబాయ్" అన్నాడు సిగ్నల్. "నా పక్క పూచికపుల్లంత ఉంది."

"నీ పక్క ఉంటది. ఇటొచ్చి పట్టి చూడు, ఇద్దర్ని మోస్తున్నట్టుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. తొందరగా నడవండి అని కసిరాను.

షాపులో నట్టనడుమ మడత మంచం వేశాను. ఏ గోడకీ ఆనకుండా. రెండు పక్కలా మనిషి నిలబడేంత చోటు వదిలి, నెత్తి మీద పెద్ద లైటు వేశాను. ఎవరొచ్చినా నాకు కనపడాలి. మగవాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. సబ్బుపెట్టెని పైనే, ఖాళీ మంచం మీద వదిలేశాను. దాని బ్యాటరీలు తీసి నా జేబులో వేసుకున్నాను. ఇంక ఎవరూ పిలవక్కర్లేదు. అక్క నా ఎదురుగా ఉంది.

వాన పట్టింది. పొద్దు ఇంకా గూకలేదు గానీ మబ్బుకి వీధంతా చీకటిగా ఉంది. షాపు ముందరి రేకుల మీద వాన చప్పుడు. మూసిన షట్టరు కింద నుంచి తడిమట్టి వాసన. అక్క ప్రాణం తేలికపడినట్టు పడుకుంది. నేను స్టూలు మీద కూర్చుని, చాలా రోజుల తర్వాత, కాళ్ళు చాపాను.

గంట మోగింది.

బల్ల మీద. లోరాది. గణగణ.

జేబు తడిమి చూసుకున్నాను. బ్యాటరీలు ఉన్నాయి. చల్లగా, నున్నగా, నా వేళ్ళ మధ్య.

గంట ఆగింది. మళ్ళీ మోగింది.

"ఎవరే?" అంది అక్క.

"ఎవరూ లేరు. పడుకో."

లేచి వెళ్ళి కింది యంత్రం బ్యాటరీ తీగ కూడా పీకేశాను. ఒక్క క్షణం వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

మోగింది.

తీగ నా చేతిలో ఉంది. యంత్రం బల్ల మీద ఉంది. మోగుతూనే ఉంది. ఆగి... మళ్ళీ. ఆగి... మళ్ళీ. ఊపిరాడనివాళ్ళు నొక్కినట్టు.

"పాపం, ఎవరో పిలుస్తున్నారే" అంది అక్క. తన ఊపిరి కూడా ఆ గంటతో పాటే ఎగుస్తోంది. "వెళ్ళవే. పిలిస్తే ఎవరూ రాకపోతే ఎలా ఉంటుందో నీకు తెలీదు."

"అక్కా, పైన ఎవరూ లేరు."

"నేను పిలిచినప్పుడల్లా వచ్చారు కదే."

ఆ మాట అన్నప్పుడు అక్క నావైపు చూడలేదు. తను కూడా కనిపెట్టిందన్నమాట. అది నేను కాదని, ఎప్పుడో.

ఇక్కడ నేను భయపడి ఉండాల్సింది. భయం కన్నా కోపమే ముందొచ్చింది. ఇన్ని రోజుల విసుగు ఒక్కసారి తలకెక్కింది. నా ఇల్లు, నా అక్క, నేను చేసిన పెట్టె. ఎవరిదీ పెత్తనం? రాగితీగని కుదించే పెద్ద సుత్తి బల్ల కింద ఉంటుంది. తీశాను. ఆ సబ్బుపెట్టెని పిండి చేస్తే గాని ఈ గోల ఆగదు.

"ఒక్క నిమిషం. ఇక్కడే ఉంటాను, మెట్ల మీద. చూస్తూ ఉండు."

మెట్లు చీకటిగా ఉన్నాయి. పై లైటు వెలగలేదు. గోడ పట్టుకుని ఎక్కాను. గోడ తడిగా ఉంది. కింద గంట మోగుతూనే ఉంది. మలుపు తిరిగి వెనక్కి చూశాను. షాపు లైటు వెలుగు మెట్ల అడుగున పలకలా పరుచుకుని ఉంది. ధైర్యంగా అనిపించింది. ఇంకొన్ని మెట్లు. వంటిల్లు దాటాను. ఆ వాసన.

గది తలుపు తెరిచే ఉంది.

మంచం ఖాళీగా ఉంది. దుప్పటి నేను మడిచిపెట్టినట్టే ఉంది. నడుమ సబ్బుపెట్టె. పచ్చ లైటు వెలుతురు గోడ మీద పడుతోంది. ఎవరూ లేరు. మూలల్లో లేరు. మంచం కింద లేరు. ఎడం పక్కన గోడ... పొడిగా ఉంది.

మొదటిసారి పొడిగా.

సుత్తి ఎత్తాను.

కింద గంట ఆగిపోయింది.

ఎందుకాగిందో అర్థం కాక గుమ్మంలోకి వచ్చి మెట్ల వైపు చూశాను. అడుగున వెలుగు లేదు. వాన చప్పుడు మాత్రం వస్తోంది. ఆ వానలోంచి, గొంతు లేని మా అక్క మాట, పక్కన కూర్చుంటే తప్ప వినపడని మాట, నా చెవిలో అన్నంత స్పష్టంగా వినపడింది.

"హమ్మయ్య... అప్పుడే దిగొచ్చేశావా?"

ఏదో విన్నట్టు ఆగింది.

"లైటెందుకే ఆర్పావ్?"